రెండో మైకు

రాబోయే అయిదేళ్ళలో ఏం జరుగుతుందో నేను చాలాసార్లు చెప్పాను. పదేళ్ళ సంగతి కూడా చెప్పాను. ఒకసారైతే, ఇంకో పాతికేళ్ళకి మన దేశం ప్రపంచాన్ని ఎలా ఏలబోతోందో ఎర్రటి ఎండలో, వేలమంది ఎదుట, గొంతు పగిలేలా చెప్పాను. ఇవేవీ నా మాటలు కావు. ఢిల్లీ నుంచి వచ్చిన నాయకులు మొదటి మైకు దగ్గర నిలబడి హిందీలో చెప్పేవారు. నేను పక్కనే రెండో మైకు దగ్గర నిలబడి తెలుగులో చెప్పేవాణ్ణి. రాజమండ్రి చుట్టుపక్కల ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని. నాయకుల జోస్యాల గురించి నాకు తెలిసినంత ఆ నాయకులకి కూడా తెలియదు. వాళ్ళు ఒకరి జోస్యం ఒకరు వినరు. నేను అందరివీ విన్నాను.

నేను హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యాను. మొదటిసారి స్టేజీ ఎక్కడం నా ప్రయోజకత్వం వల్ల కాదు. అనువాదం చెయ్యాల్సిన వకీలుగారికి ఆ పొద్దున గొంతు పోయింది. మా హెడ్మాస్టరుగారు నన్ను ముందుకు తోసి, "మనవాడు చేస్తాడండి" అనేశారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ శంకుస్థాపనలకీ ప్రారంభోత్సవాలకీ మాత్రమే పిలిచేవారు. రిటైరయ్యాక పార్టీ సభలకీ పిలవడం మొదలుపెట్టారు. ఆ పార్టీ, ఈ పార్టీ అని నేనెప్పుడూ చూడలేదు. సభకో శాలువా కప్పేవారు. మా ఇంట్లో గ్రైండరు మీద శాలువా, టీవీ మీద శాలువా, ఆవకాయ జాడీ మీద శాలువా. మంచి జరీ ఉన్నదాన్ని మా ఆవిడ మిక్సీకి కప్పింది.

భవిష్యత్తు చెప్పేవాడికి ముందుగా ఉండాల్సింది సిగ్గులేనితనం. ఆ సరుకు నాయకుల దగ్గర దండిగా ఉండేది. పదవి అయిదేళ్ళే అయినా జోస్యం మాత్రం పదిహేనేళ్ళకి చెబుతారు. అప్పటికి అడిగేవాడూ ఉండడు, అడిగించుకునేవాడూ ఉండడు. పట్టిసీమ రేవులో నిలబడి ఒకాయన, పదేళ్ళలో ఇక్కడికి ఓడలు వచ్చి ఆగుతాయని చెప్పాడు. ఆ మాట నేనే తెలుగు చేశాను. పదేళ్ళ తర్వాత వీరభద్రుడి దర్శనానికి వెళ్తే అదే లాంచీ, అదే డీజిలు కంపు. లాంచీ నడిపేవాడు నన్ను గుర్తుపట్టి, "ఓడ ఇంకా రాలేదండి, మాస్టారూ. ఈలోగా దీంట్లో ఎక్కండి" అన్నాడు.

మండపేట దగ్గర ఇంకొకాయన, నాలుగేళ్ళలో రైతే ధర చెబుతాడు, మిల్లువాడు చేతులు కట్టుకుని వింటాడు అన్నాడు. విన్న రైతులంతా ధాన్యం రోడ్డు మీద ఆరబోసి వచ్చినవాళ్ళు. సభ అయ్యాక ఆయన కార్లన్నీ వరసగా ఆ ధాన్యం మీంచే వెళ్ళాయి. ఒక్క కారు కూడా పక్కకి తప్పుకోలేదు. నేను నాలుగో కారులో ఉన్నాను. టైర్ల కింద గింజలు చిటపటమంటుంటే ఆయన పీయే నా వైపు తిరిగి, రోడ్లు బాగున్నాయే అన్నాడు.

అన్నిటికన్నా రోత పుట్టించింది యుద్ధం గురించి మాట్లాడినాయన. స్టేజీ మెట్లెక్కడానికి ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి లాగాల్సి వచ్చింది. పైకి వచ్చి కాసేపు ఆయాసపడి, మంచినీళ్ళు తాగి, వారం రోజుల్లో శత్రువు పేరు పటంలో లేకుండా చేస్తాం అన్నాడు. పది మెట్లెక్కలేని మనిషి ఒక దేశాన్ని ఎక్కి తొక్కుతాడట. మరుసటేడు ఆయనే అదే మైదానంలో శాంతిసభ పెట్టాడు. ఇక ప్రపంచంలో యుద్ధాలుండవు అన్నాడు. తెల్ల పావురాల్ని ఎగరేశాడు. ఆ పావురాలు మండపేట నుంచి కిరాయికి తెచ్చినవి. పెంచిన మనిషి వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. శాంతి ఎగిరిపోయింది కదండీ, మరి మీకు నష్టం కాదా అని అడిగాను. "పొద్దుగూకేసరికి ఇంటికొచ్చేస్తాయండి. రేపు కాకినాడలో ఇంకో సభ ఉంది" అన్నాడు.

ఇంతగా తిడుతున్నావే, మరి ఇరవై ఏళ్ళు ఆ మైకు ఎందుకు పట్టుకున్నావయ్యా అని ఎవరైనా అడగొచ్చు. చెబుతాను. చెప్పడానికే కూర్చున్నాను.

మా గోదావరి జిల్లాల మర్యాద అందరికీ తెలిసిందే. ఇంటికొచ్చిన మనిషికి అడిగినంత పెట్టి ఊరుకోవడం మాకు చేతకాదు. వద్దన్నాక వేసేదే మాకు వడ్డన. విస్తరి మీద చేతులు అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేస్తాం. నేను అనువాదం కూడా అలాగే చేశాను. నాయకుడు "భాయియో ఔర్ బెహనో" అని రెండు ముక్కలు అని ఊరుకుంటే, నేను "గోదావరి తల్లి ఒడిలో పుట్టి పెరిగిన నా అన్నదమ్ముల్లారా, అక్కచెల్లెళ్ళారా" అనేవాణ్ణి. ఆయన "నీళ్ళిస్తాం" అంటే నేను "చివరి పొలం చివరి మడి దాకా, ఆకుమడి ఎండకముందే నీళ్ళిస్తాం" అనేవాణ్ణి. ఉత్త మాట వడ్డిస్తే మా జనం ముద్ద ఎత్తరు. హిందీ మాట పడగానే మైదానం నిశ్శబ్దంగా ఉండేది. నా తెలుగు పడగానే చప్పట్లు మోగేవి. అవి తనవేననుకుని నాయకుడు పొంగిపోయేవాడు. ఎవరివో నాకు తెలుసు. ఇంటికెళ్ళి అన్నం తింటున్నప్పుడు కూడా ఆ చప్పట్లు చెవిలో ఉండేవి.

స్థానిక నాయకులకీ ఈ సంగతి తెలుసు. "ఆయన మూడు ముక్కలంటే మీరు ముప్పై చెయ్యాలండి, మాస్టారూ" అని ముందే చెప్పేవారు. చేసేవాణ్ణి. అవతలివాడు చెప్పేదే అబద్ధం, దానికి నేను కాస్త తాలింపు పెడితే కొత్తగా వచ్చే పాపం ఏముందని నా లెక్క.

ఇక ఆ అమ్మాయి సంగతి.

అమ్మాయి అంటున్నాను గాని ఇప్పుడు నలభై దాటాయి. ధవళేశ్వరం అవతల గోదావరి గట్టు మీద ఇల్లు, చేపలు పట్టే కుటుంబం. పదో తరగతిలో నా దగ్గరే చదివింది. హిందీ తప్పింది. మా రాష్ట్రంలో హిందీ తప్పడం మాటలు కాదు. మిగతావాటిల్లో ముప్పై అయిదు రావాలి, హిందీలో ఇరవై వస్తే గట్టెక్కించేస్తారు. ఆ ఇరవై కూడా రాలేదు. తర్వాత సొంత మేనత్త కొడుకునే చేసుకుంది. మొగుడు పడవ మీద వేటకి వెళ్ళేవాడు, ఈమె గంప ఎత్తుకుని మా వీధికి వచ్చేది. నేను ఏడిపించేవాణ్ణి. "మఛ్లీ స్త్రీలింగమా, పుంలింగమా చెప్పు, అప్పుడు కొంటాను" అనేవాణ్ణి. "చేపకి అవన్నీ ఎందుకండి, తాజాదో కాదో మొప్పలెత్తి చూసుకోండి" అనేది.

పదకొండేళ్ళ కిందట రేవుల్లో ఇసుక తవ్వకాలు ముదిరి చేప తగ్గిపోయింది. అంతకు ముందే ఒక నాయకుడు నా గొంతుతో, మత్స్యకారులు ఇక మోటారు పడవల్లో తప్ప తిరగరని జోస్యం చెప్పి వెళ్ళాడు. ఉన్న నాటు పడవే గట్టు మీద బోర్లా పడుకుంది. ఈమె ఏజెంటుని పట్టుకుని గల్ఫ్‌లో ఒక ఇంట్లో వంటకి వెళ్ళింది. రెండేళ్ళకోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా మా ఇంటికి ఖర్జూరం డబ్బా తెచ్చేది. మా ఆవిడ పక్కన కూర్చుని ఆ ఇంట్లో అమ్మగారి కోపాలు, డ్రైవరుతో తన పోట్లాటలు చెప్పి నవ్వించేది.

మొన్న వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు. మొగుడు కూలికెళ్ళిన ఇసుక పడవలోంచి జారి తుంటి విరగ్గొట్టుకుంటే రెండు నెలల సెలవు మీద వచ్చింది. లోపల రాడ్డు వేశారు, మనిషి లేచి తిరుగుతున్నాడు. ఈమె సెలవు అయిపోవచ్చింది. ఈలోగా గల్ఫ్ వైపు యుద్ధం వస్తుందని టీవీలన్నీ మోగించడం మొదలుపెట్టాయి. వెళ్ళకపోతే వీసా పోతుంది, ఆ ఇంటివాళ్ళు ఇంకో మనిషిని పెట్టుకుంటారు. కూతురు నర్సింగు రెండో ఏడులో ఉంది, ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది. వెళ్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. మొగుడు వద్దన్నాడు. అత్తగారు, అంటే మేనత్తే, ఏడుపు. ఈమె ఎటూ తేల్చుకోలేక ఒక సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"వెళ్ళమంటారా, మాస్టారూ? మానేయమంటారా?" అని అడిగింది.

"నన్నడిగితే ఏం చెబుతానమ్మా, నేనేమన్నా సేనాధిపతినా" అన్నాను.

"ఎల్లుండి ఢిల్లీ నుంచి పెద్దాయన వస్తున్నాడంట కదండీ. గల్ఫ్‌కెళ్ళే మా వాళ్ళ గురించి కూడా మాట్లాడతాడన్నారు. ఆయనేమంటాడో విని తేల్చుకుందామని చూస్తున్నాను."

నాకు ఒళ్ళు మండింది. పట్టిసీమ ఓడల దగ్గర్నుంచి మండపేట పావురాల దాకా అన్నీ చెప్పాను. "నాయకుల మాట నమ్మి కూలిపనికి కూడా వెళ్ళకూడదు, అలాంటిది దేశం దాటుతావా? వాళ్ళ నోట్లోంచి నిజం వస్తే అది పొరపాటున వచ్చిందే అయ్యుంటుంది. వాళ్ళ మాట చచ్చినా నమ్మకు" అన్నాను. ఆమె బుద్ధిగా విని, "సరేనండి" అని వెళ్ళిపోయింది. బళ్ళో కూడా అలాగే అనేది.

ఆ సభ బాగా జరిగిందనే చెప్పాలి. మైదానం నిండా జనం. గల్ఫ్‌కి వెళ్ళిన కుటుంబాలు మా వైపు చాలానే ఉన్నాయి కాబట్టి వాళ్ళందర్నీ ఆటోల్లో తెచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళే ఎక్కువ. వచ్చినాయన పెద్ద పదవిలో ఉన్నవాడు. బట్టలకి ముడత లేదు, ముఖానికి చెమట లేదు. ఎప్పటిలాగే వచ్చే ఇరవై ఏళ్ళ సౌభాగ్యం ముప్పావుగంట చెప్పాడు. నేనూ చెప్పాను. ఆఖర్న ఎవరో చీటీ అందించారు. ఆయన చదువుకుని, గొంతు సవరించుకుని, హిందీలో ఇంతే అన్నాడు: గల్ఫ్ పరిస్థితిని గమనిస్తున్నాం, అంతా మంచే జరుగుతుందని ఆశిద్దాం.

అని నా వైపు చూశాడు. అంతే, ఇంకేమీ లేదు. మైదానం మొత్తం నా నోటి వైపు చూస్తోంది. ముందు వరసలో ఒక ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఇంత ఆదుర్దాగా కూర్చున్నవాళ్ళకి 'ఆశిద్దాం' అని ఉత్త మాట వడ్డించి ఎలా పంపడం? నాకు మనసొప్పలేదు. అలవాటైన నోరు కదా, దానంతట అదే మొదలుపెట్టింది.

"అమ్మల్లారా, అక్కల్లారా, గల్ఫ్‌లో మీవాళ్ళ గురించి దిగులు పెట్టుకోకండి. అక్కడ యుద్ధం రాదు. రానివ్వం. మీ బిడ్డలు అక్కడ పుట్టింట్లో ఉన్నట్టు ఉంటారు. ఇది నా మాట."

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. ఆ ముసలావిడ లేచి రెండు చేతులూ జోడించింది. నాయకుడు మొదట కాస్త తెల్లబోయాడు. తర్వాత అర్థమైనట్టు చెయ్యి ఊపాడు. దిగుతున్నప్పుడు నా భుజం తట్టాడు. నాకు శాలువా కప్పారు, ఆ ఏటికి అదే మంచి శాలువా.

మర్నాడు పొద్దున ఆమె మళ్ళీ వచ్చింది. మా ఆవిడ కాఫీ కలుపుతూ, "నిన్న మీ మాస్టారికి పడ్డ చప్పట్లు విన్నావా?" అని మురిసిపోతోంది.

"విన్నానండి. ముందు వరసలోనే కూర్చున్నాను" అంది. తర్వాత నాతో, "టికెట్టు ఖాయం చేసేశానండి, ఎల్లుండే ప్రయాణం. మీరన్నారు కదండీ, పర్లేదని" అంది.

నేననడం ఏంటి, ఆయనకి అనువాదం చేశాను గాని అని మనసులోనే సర్దుకున్నాను. నిజం చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆయన అలా అనలేదమ్మా, అది నేను కలిపింది అని ఒక్క ముక్క. కాని మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, ముఖం వెలిగిపోతోంది. ఆ చప్పట్లకి ఎసరు పెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. "అంత పెద్దాయన చెప్పాక ఇంకేముందమ్మా. జాగ్రత్తగా వెళ్ళిరా" అన్నాను. మొన్న సాయంత్రం తిట్టిపోసిన నాయకుణ్ణే ఆ పూట పెద్దాయన్ని చేశాను. ఆమె నా ముఖంలోకి ఒక నిమిషం చూసి, కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళిన రెండు వారాల్లోపే అక్కడ యుద్ధం మొదలైంది. మొదటి రెండు రోజులు ఫోను కలిసింది. మూడో రోజు నుంచి కలవలేదు.

ఆమె మొగుడు కర్ర ఊతంగా పట్టుకుని రోజూ పొద్దున్నే మా గేటు దగ్గరికి వచ్చేవాడు. వాళ్ళ టీవీలో తెలుగు వార్తలే వస్తాయి, నా దగ్గరైతే ఢిల్లీ వార్తలుంటాయని అతని నమ్మకం. "ఏమంటున్నారండి ఇవాళ?" అని అడిగేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. తుంటి నొప్పి కదా, నిలబడే వినేవాడు.

టీవీలో ప్రతివాడూ జోస్యం చెబుతున్నాడు. క్షిపణులు వేయిస్తున్నవాడు రెండు రోజుల్లో శాంతి అంటాడు. వేయించుకుంటున్నవాడు వారంలో గెలుపు అంటాడు. ఏ సంబంధమూ లేనివాడు, ఈ యుద్ధం తర్వాత ప్రపంచం స్వర్గమే అంటాడు. అందరి వెనకా జెండాలు, అందరి జుట్టూ దువ్వి ఉంది. ఒక్కడి గొంతూ వణకదు. ఒక్కడికీ ఆ వైపు వంటింట్లో తనవాళ్ళెవరూ లేరు. ఇక మనవాడు, రాజమండ్రిలో నా భుజం తట్టినాయన, ఒక సాయంత్రం టీవీలో ప్రత్యక్షమయ్యాడు. ఈ యుద్ధం వస్తుందని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను అన్నాడు. నేను చేతిలో ఉన్న పేపరు టీవీ మీదికి విసిరాను. అది శాలువాకి తగిలి కింద పడింది.

ఆమె మొగుడికి మాత్రం ఏదీ కలపకుండా, ఉన్నది ఉన్నట్టు తెలుగు చేసి చెప్పాను. నా జన్మలో మొదటిసారి ఉత్త అన్నం వడ్డించాను. విమానాలు నడవడం లేదు, మనవాళ్ళ వివరాలు సేకరిస్తున్నారట అనేవాణ్ణి. "అంతేనా అండి? ఇంకేమీ అనలేదా?" అనేవాడు. అంతే అంటే నమ్మలేనట్టు ఇంకాసేపు నిలబడి, "ఆయ్, సరేనండి" అని కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళేవాడు. ఆ కర్ర చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా నేను కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు. మా ఆవిడతో కూడా ఏమీ చెప్పలేదు. నాకు ముద్ద దిగేది కాదు. వయసు కదా, అరగడం లేదన్నాను.

నాలుగు వారాల తర్వాత ఆమె వచ్చింది. విమానం దిగి, బస్సెక్కి, రాజమండ్రిలో ఆటో మాట్లాడుకుని తనే ఇంటికి చేరుకుంది. ఆ మాట తెలియగానే నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

రెండు రోజులు పోయాక మా ఇంటికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. ఎప్పటిలా అరుగు మీద కూర్చుంది. నేను ఆమెకి ఎడమవైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆవిడ ముందు ఏదైనా తినాలి అంటూ వంటింట్లోకి వెళ్ళి ఉప్మా మొదలుపెట్టింది. ఆమె జరిగింది చెప్పింది. ఎదురు మేడ మీద ఏదో పేలి పడిందట. ఆ వేళకి తను వంటింట్లో బియ్యం కడుగుతోంది. కిటికీ అద్దాలన్నీ లోపలికి వచ్చాయి. ఒంటి మీద పెద్ద గాయాలు కాలేదు గాని, ఎడమ చెవిలో నెత్తురు వచ్చింది. తర్వాత తొమ్మిది రోజులు ఇంటివాళ్ళతో పాటు కింద కార్లు పెట్టుకునే చోట ఉందట. కూతురు చదువు సంగతి ఇప్పుడేమిటో తెలియడం లేదంది. ఇవన్నీ మామూలుగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

నాకు కోపం ఆగలేదు. ఆ నాయకుణ్ణి పట్టుకుని దులిపేశాను. "వెధవలమ్మా, వట్టి వెధవలు. పుట్టిల్లని చెబుతాడా, రానివ్వమని చెబుతాడా? నోరా అది? ఇంతమంది ఆడవాళ్ళ ముందు నిలబడి అంత మాట ఎలా వచ్చిందో వాడికి" అని ఊగిపోయాను. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ మీద కూడబెట్టిందంతా కక్కేశాను. ఆమె తల నా వైపు తిప్పి, నా పెదాలు చూస్తూ అంతా విన్నది.

అంతా అయ్యాక, "ఆయన అనలేదు కదండీ" అంది.

నేను అర్థం కానట్టు చూశాను.

"ఆయన ఆశిద్దాం అన్నాడండి, అంతే. యుద్ధం రాదు, పుట్టిల్లు, ఇది నా మాట, ఇవన్నీ మీరన్నవి."

"నీకెలా తెలుసు?"

"పదకొండేళ్ళ నుంచి హిందీలోనే బతుకుతున్నాను కదండీ. ఆ ఇంట్లో డ్రైవరు హిందీవాడు, పక్కింటి వంటావిడ హిందీ ఆవిడ. మీ పరీక్ష తప్పాను గాని, మాట్లాడితే తెలుస్తుందండి ఇప్పుడు."

"తెలిసి కూడా ఎందుకు వెళ్ళావమ్మా?" అని అడిగాను.

"నాయకుల మాట చచ్చినా నమ్మకు అని మీరే చెప్పారు కదండీ. నమ్మలేదు. ఆయన మాటొక్కటే అయితే వెళ్ళేదాన్ని కాదు. ఆయన అనని మాట మీరంటే, లోపల ఏదో మాట్లాడుకునే ఉంటారు, ఆయన పైకి చెప్పలేక మీచేత చెప్పించాడేమో అనుకున్నాను. మాస్టారు ఊరికే అనరు కదా అనుకున్నానండి." కొంగుతో మెడ తుడుచుకుంది. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది. "మొన్న ఆ కార్ల మధ్య కూర్చున్నప్పుడు కూడా అదే ఆలోచించానండి. మీరెందుకన్నారో నాకు తెలియలేదు. ఎందుకన్నారండి?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. మీ ధైర్యం కోసం అన్నానని చెప్పొచ్చు. ఆ ముసలావిడ ముఖం చూసి అన్నానని చెబితే కొంత నిజం కూడా. ఇరవై ఏళ్ళు స్టేజీ మీద నిలబడినవాడికి మాటలు దొరకవా? అవన్నీ నోటిదాకా వచ్చాయి.

"చప్పట్ల కోసమమ్మా" అన్నాను.

చాలా చిన్నగా అన్నాను. ఆమె నా పెదాలు సరిగా చూడలేదేమో, కుడి చెవి నా వైపుకి తిప్పి, దానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏంటండి? ఎడమ చెవి పోయింది, మాస్టారూ. కాస్త గట్టిగా చెప్పండి" అంది.

గట్టిగానే చెప్పాను. వంటింట్లో మా ఆవిడ గరిట చప్పుడు ఆగిపోయింది.